అచ్చు పాఠం నుంచి ఫోన్ తెర దాకా

తెలుగునాట కాలేజీకి వెళ్లకుండా డిగ్రీ చదివే వీలు ఇంటర్నెట్ కంటే చాలా ముందే వచ్చింది. 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ తరహాలో దేశంలోనే మొదటిది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. ఇంటర్ లేనివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలగడం ఉద్యోగులకు, గృహిణులకు, చదువు మధ్యలో ఆగినవారికి ఎంతో మేలు చేసింది. ఎవరికి వారు చదువుకొనేలా రాసిన తెలుగు పుస్తకాలు, రేడియో పాఠాలు, సెలవు రోజుల్లో స్థానిక కాలేజీల్లో ముఖాముఖి తరగతులు ఉండేవి. సందేహం అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవారు.

ఇంటర్నెట్ విస్తరించాక, 2017లో కేంద్రం ఆన్‌లైన్ కోర్సుల కోసం స్వయం అనే వేదికను ప్రారంభించింది.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. తరగతి గది ఉపన్యాసమే ఉన్నదున్నట్టుగా ఫోన్‌లోకి మారింది. దూరవిద్య కోసం రాసిన పాఠానికీ దీనికీ పోలికే లేదు. సిగ్నల్ కోసం మేడలెక్కినవారు, రోజువారీ డేటా అయిపోయి పాఠం మధ్యలో ఆగినవారు ఎందరో. సైన్స్ విద్యార్థులు ప్రయోగాలను చేతులతో చేయలేక, వీడియోల్లో చూసి సరిపెట్టుకున్నారు. వారికి చాలా నష్టం జరిగింది.

క్యాంపస్‌లు తెరుచుకున్నా ఆన్‌లైన్ చదువు పోలేదు. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా పూర్తిచేసేందుకు 2021లో యూజీసీ అనుమతించింది.