ఉద్దానం పెరడు: వేసవి నీడకు ఒక చరిత్ర

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో, పడమట మహేంద్రగిరి పాదాలకూ తూర్పున బంగాళాఖాతానికీ నడుమ సాగిన ఇసుక నేలల పట్టీని ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అన్న మాటే జనం నోట నలిగి ఉద్దానమైందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలకు వర్తించే ఈ పేరులోనే ఇక్కడి ఇంటి తీరు ఇమిడి ఉంది. ఇంటి వెనక తోట ఉండటం కన్నా తోట నడుమ ఇల్లు ఉండటమే ఉద్దానంలో ఎక్కువ. పైన కొబ్బరి మట్టలు, వాటి కింద పనస, మామిడి, ఆ కింద జీడి, మునగ, అరటి ఇలా అంతస్తులుగా పెరిగే ఈ పెరడు, చైత్ర వైశాఖాల్లో ఇంటిల్లిపాదికీ పగటి పడకగదీ, వంటిల్లూ, పిల్లల ఆటస్థలమూ అవుతుంది. చెట్టు కింద నులక మంచం, పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం పనస తొనలు, సాయంత్రం సముద్రం మీదుగా వచ్చే గాలి, ఇంతే ఇక్కడి వేసవి సుఖాల జాబితా. ఇవి తాతముత్తాతల నాటి నుంచి మారకుండా వస్తున్నవిగా కనిపిస్తాయి గాని, నీడనిచ్చే చెట్టు ఏది, ఆ చెట్టు ఎవరిది, దాని కాపులో సంతకు పోయేదెంత, ఇంట మిగిలేదెంత అన్న ప్రశ్నలకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబుల వరుసే ఈ సుఖాల చరిత్ర.

కావ్యాల్లో కొబ్బరి, అంబలి

ఈ తీరానికి కొబ్బరితో ఉన్న సంబంధానికి సాహిత్యంలో పాత ఆధారమే ఉంది. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు దండు కళింగానికి వచ్చి మహేంద్రగిరి ప్రాంతంలో గెలుపు సాధించిన తరువాత, యోధులు తమలపాకులతో పానస్థలం ఏర్పరచుకుని నారికేళాసవం, అంటే కొబ్బరి నుంచి తీసి పులియబెట్టిన పానీయం, తాగినట్టు వర్ణన ఉంది. రఘువు శరత్తులో బయలుదేరినట్టు కవి చెప్పాడు కాబట్టి అది వేసవి దృశ్యం కాదు; అయినా మహేంద్రగిరి పేరు చెప్పగానే కొబ్బరీ తమలపాకూ కవి ఊహకు వచ్చాయంటే, ఆ కొండ నీడన ఉన్న నేల అప్పటికే తోటలకు పేరుపడిందని అర్థం చేసుకోవచ్చు. నేటి ముఖలింగంగా గుర్తించిన కళింగనగరం రాజధానిగా పాలించిన తూర్పు గాంగులు, మహేంద్ర శిఖరం మీది గోకర్ణేశ్వరుణ్ణి కులదైవంగా తమ తామ్రశాసనాల్లో స్తుతించుకున్నారు. దానమిచ్చిన నేల ఎల్లలు చెప్పేటప్పుడు గట్టునూ పుట్టనూ పేర్కొన్నట్టే చెట్టునూ పేర్కొనడం ఆనాటి శాసనాల పద్ధతి. చెట్టు అప్పటికే నీడ మాత్రమే కాదు, హద్దుకు సాక్ష్యం కూడా.

తెలుగువారి వేసవి భోజనం ఎలా ఉండేదో చెప్పే మంచి ఆధారం శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. అందులో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువులో ఏం వడ్డించేవాడో వివరించే సందర్భంలో, వేసవికి నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరి నీళ్ళు, పళ్ళు, చల్లని సువాసన నీళ్ళు, ఊరిన మామిడి పిందెలు, నీళ్ళ మజ్జిగ ఉంటాయి. ఆ కావ్యం రాయమని రాయలకు కలలో ఆజ్ఞ అయిన శ్రీకాకుళం కృష్ణా తీరంలోది, ఈ జిల్లాది కాదు. అయితే ఆ కలకు సందర్భం కళింగ దండయాత్రే, ఆ దండయాత్ర జ్ఞాపకంగా 1516 నాటి రాయల శాసనం సింహాచలంలో ఉంది. రాజు పళ్ళెంలోనూ రైతు ముంతలోనూ ఒకటిగా కనిపించేది అంబలే. ఉద్దానం వైపు చోళ్ళు, అంటే రాగులు, పిండి చేసి కాచే అంబలీ, రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియనిస్తే వచ్చే తరవాణీ నేటికీ ఎండాకాలపు ఉదయాల్లో కనిపిస్తాయి. తరవాణి అన్నాన్నే పొరుగున ఒడియా మాట్లాడే ఇళ్ళలో పఖాళ అంటారు. పేరు మారినా పక్కన నంజుకునే పచ్చిమిరపకాయా ఉల్లిపాయా మారవు.

పరదేశం నుంచి వచ్చిన చెట్టు

ఆ పచ్చిమిరప ఈ దేశపుది కాదు, వేసవి పెరటికి ముఖ్యమైన జీడిమామిడీ ఈ దేశపుది కాదు. రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వారి ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశం పడమటి తీరానికి చేరాయి. కాబట్టి ఇప్పుడు వేసవికి పర్యాయపదంగా తోచే ఎర్రని ఆవకాయ, ఆ రూపంలో, ఐదు వందల ఏళ్ళకు మించిన వంటకం కాజాలదు. విష్ణుచిత్తుని ఇంట ఊరిన పిందెల్లో మిరప కారానికి చోటు ఉండి ఉండదు.

కొత్త చెట్టుకు తెలుగువారు పెట్టుకున్న పేరు గమనించదగ్గది. ఈ దేశపు అడవుల్లో సహజంగా పెరిగే నల్లజీడి అనే చెట్టు ఉంది. దాని గింజ నుంచి వచ్చే నల్లని సొనతో చాకలివారు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేవారు. కొత్తగా వచ్చిన చెట్టు గింజ పెంకులోనూ ఒళ్ళు పొక్కించే అటువంటి సొనే ఉంది, ఆకూ పూతా మామిడిని గుర్తుకు తెస్తాయి. అందుకే అది జీడిమామిడి అయింది. వృక్షశాస్త్రం ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చడం చూస్తే, పేరు పెట్టినవారి పరిశీలన ఎంత సరైనదో తెలుస్తుంది. నీరు నిలవని ఇసుక నేల, పెద్దగా పోషణ అడగని స్వభావం రెండూ కుదిరి, జీడి ఉద్దానంలో పాతుకుపోయింది. తీరప్రాంతపు వాడుకలో దాని గింజ ‘జీడిపిక్క’; పిక్క నుంచి పప్పు తీసే కర్మాగారాలతో పలాస, దాని జంట పట్టణం కాశీబుగ్గ దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి.

చెట్టు ఎవరిది?

నీడన కూర్చునే సుఖానికి ముందు ఆ నీడ మీద హక్కు కావాలి. మందస, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలో భాగంగా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో ఇక్కడి నేల ఎక్కువ భాగం జమీందారీల కింద ఉండేది. 1866 నాటి ఒడిశా కరువు గంజాంనూ తాకింది. వానలు తప్పిన ఏడు వేసవి అంటే రైతు ఇంట విశ్రాంతి కాదు, గాదె అడుగు కనిపించే కాలం. చెట్టు మీది హక్కు కూడా ఆచారాన్ని బట్టీ ఒప్పందాన్ని బట్టీ ఎస్టేటుకొక తీరుగా ఉండేది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం 12వ సెక్షను ఈ విషయంలో ఒక మలుపు: ఆ చట్టం వచ్చిన తరువాత రైతు తన కమతంలో నాటిన చెట్టునూ, అక్కడ దానంతట అది మొలిచిన చెట్టునూ అనుభవించే, నరుక్కునే హక్కు, ఎటువంటి ఆచారం గాని ఒప్పందం గాని అడ్డున్నా సరే, రైతుదేనని అది చెప్పింది. వేసిన మొక్క మనవడి నాటికైనా ఇంటిదే అవుతుందన్న భరోసా, ఏళ్ళ తరబడి కాపు కోసం ఎదురుచూడవలసిన కొబ్బరికీ పనసకూ చిన్న విషయం కాదు.

కమతం లోపలి చెట్టుకు దొరికిన ఈ రక్షణ కమతం బయటి అడవికి దొరకలేదు. ఇంటి పొయ్యికి కట్టె, పాకకు వాసం, నాగలికి కర్ర మహేంద్రగిరి పాదాల అడవి నుంచే రావాలి. ఆ అడవి మందస జమీందారీది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం గంజాం నుంచి విడిపోయి విశాఖపట్నం జిల్లాలో చేరినా, అడవి మీద ఆంక్షలు అలాగే ఉన్నాయి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ తరువాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, కట్టెలు కొట్టి తెచ్చుకున్న రైతుల అరెస్టును అడ్డుకునే ఘర్షణలో గుడారి రాజమణిపురం గ్రామానికి చెందిన గున్నమ్మ పోలీసు కాల్పుల్లో ప్రాణం కోల్పోయింది. ఆమెను ఇక్కడివారు వీరగున్నమ్మ అని తలుచుకుంటారు. జమీందారీలను రద్దు చేసిన చట్టం 1948లో వచ్చింది; 1950లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా అయింది. కట్టెల పొయ్యి మీద పాలు మరిగించి చేసే మందస కోవా రుచికి ఆ పొయ్యి సెగ ఒక కారణమని చెప్పుకునేవారు, ఆ కట్టె కోసమే ఒకప్పుడు ఈ నేల మీద నెత్తురు చిందిందన్నది మరవకూడదు.

రైలు, వలస, ఇంటికి రాక

1893–96 మధ్య తూర్పు తీరపు రైలుమార్గం పడటంతో తోట కాపుకు రెండు గమ్యాలు ఏర్పడ్డాయి: ఒకటి సంత, ఒకటి ఇల్లు. పనస దీనికి మంచి ఉదాహరణ. ఒడిశాలో, బెంగాల్‌లో పచ్చి పనసకాయ కూరకు గిరాకీ ఎక్కువ. అందుచేత ఉద్దానం కాయల్లో చాలా భాగం ముదరకముందే చెట్టు దిగి ఉత్తరానికి బయలుదేరుతుంది, చెట్టున పండేదాకా మిగిలేవి ఇంటి వాటా. జీడి దీనికి తలకిందులు. పిక్క బజారుకు పోతుంది, పండు పోదు. కోసిన రోజే మెత్తబడి పాడవుతుంది కాబట్టి దానికి వ్యాపారి దొరకడు. ఎర్రగానో పసుపుపచ్చగానో మెరిసే ఆ పండును చక్రాలుగా కోసి ఉప్పద్ది, గొంతు పట్టే వగరును ఓర్చుకుంటూ తినే సరదా అందుకే పూర్తిగా పెరటి సొత్తుగా మిగిలింది.

మనుషుల రాకపోకల్లోనూ ఇదే క్రమం ఉంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాదిమంది గోపాల్‌పూర్, కళింగపట్నం వంటి రేవుల మీదుగా బర్మాకు కూలికి వెళ్ళేవారు. రెండో ప్రపంచ యుద్ధంతో 1942లో ఆ దారి మూసుకుపోయింది. తరువాతి తరాలు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు వెళ్ళాయి. ఆంగ్లేయుల నాటి పాఠశాలలతో వచ్చిన వేసవి సెలవులు, కోతలు ముగిశాక జరిగే గ్రామదేవత సంబరాలు కలిసి, దూరాన ఉన్నవారు ఇంటికి చేరే కాలంగా వేసవిని స్థిరపరిచాయి. మందస కొండల్లోని సవరలు కొత్త మామిడికాయను ముందు దేవతకు పెట్టి పండుగ చేసుకున్నాకే తింటారు. ఒడియా మాట్లాడే ఇళ్ళలో ఏప్రిల్ నడుమ వచ్చే మేష సంక్రాంతినే పణా సంక్రాంతి అంటారు. మారేడు పండు గుజ్జుతో చేసే పానకమే పణా. ఆ నాటి నుంచి తులసికోట మీద అడుగున చిల్లున్న కుండను వేలాడదీసి, నెల పొడుగునా మొక్క మీద చుక్క చుక్కగా నీరు పడేలా చూస్తారు. ఎండలో మనిషికి పానకం, మొక్కకు నీటి చుక్క ఒకే రోజున మొదలవుతాయి.

పెరట్లో ఒక పూట

ఇంటి వేసవి ఎలా సాగుతుందో తెలియడానికి పనసపండు కోత ఒక్కటి చాలు. పండు వాసన ముందు రోజే పెరడంతా చెబుతుంది. కత్తికీ అరచేతులకూ కొబ్బరి నూనె రాసుకోకపోతే దాని పాలు జిగురై వదలవు కాబట్టి కోసే పని సాధారణంగా ఇంటి పెద్దదే. పిల్లలు చుట్టూ చేరి తొనలు విడదీస్తారు, పీచు పశువులకు పోతుంది, పనసపిక్కలు కడిగి ఆరబెట్టి వానాకాలపు కూరకు దాస్తారు. ఆ సాయంత్రమే దాచిన నాలుగు జీడిపిక్కలు కాల్చడం మరో వేడుక. మూడు రాళ్ళ మీద పాత రేకు పెట్టి కింద ఎండుటాకులు మండిస్తే, పెంకులోని సొన కారి భగ్గుమంటుంది. పొగ కళ్ళకు తగలకుండా పిల్లల్ని గాలి వచ్చే వైపున నిలబెడతారు. కొంతసేపు మండనిచ్చి ఇసుక చల్లి ఆర్పాక, నల్లబడ్డ పిక్కను రాయి మీద పెట్టి ఒక్క దెబ్బ కొడితే, పెంకు విడి పప్పు బయటపడుతుంది. కర్మాగారాల్లో స్త్రీలు రోజంతా, చేతులకు సొన అంటకుండా కాచుకుంటూ చేసే పని ఇదే. పెరట్లో అది గంటసేపటి ఆట కావడం వల్ల సరదా అయింది.

గాలివాన, నీరు

చట్టం స్థిరపరచిన హక్కును గాలివాన గుర్తించదు. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుఫాను ఉద్దానాన్నీ దెబ్బతీసింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస సమీపంలో, గంటకు 140–150 కిలోమీటర్ల వేగంతో తీరం దాటిన తిత్లీ మాత్రం కొబ్బరి, జీడి, పనస తోటలను ఊళ్ళకు ఊళ్ళుగా నేలకూల్చింది. పంటపోతే ఒక ఏడాది పోతుంది, తోటపోతే ఒక తరం పోతుంది. తిత్లీ తరువాతి వేసవిలో చాలా ఇళ్ళ ముందు మంచం వేసుకోవడానికి నీడే లేకపోయింది.

నీటి కథ ఇంకా క్లిష్టం. ఇసుకలో కొద్ది లోతునే ఊరే నూతి నీరు ఒకప్పుడు పెరటి చల్లదనానికి ఆధారం. గత మూడు దశాబ్దాలకు పైగా ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కచ్చితమైన కారణం పరిశోధనల్లో ఇంకా తేలలేదు. అయినా అనుమానం మొదట నూతి నీటి మీదే పడింది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా తెచ్చే సుమారు రూ.700 కోట్ల పథకమూ అప్పుడే మొదలైంది. ఎండలో నూతిగట్టున చేదతో తోడుకుని దోసిలితో తాగే సుఖం నమ్మకంతో కూడింది కాబట్టి, ఆ నమ్మకం సడలడం తాగునీటి సమస్యగానే కాక ఇంటి జీవితంలో వచ్చిన మార్పుగానూ లెక్కించవలసి ఉంటుంది.

తిత్లీ తరువాత నాటిన దేశవాళీ కొబ్బరి ఆరేడేళ్ళకు గాని గెల వేయదు, గింజ నుంచి మొలిచిన పనసకూ ఇంచుమించు అంతే కాలం పడుతుంది. ఆ లెక్కన ఉద్దానం పెరళ్ళలో చాలావాటికి ఇప్పుడు మళ్ళీ మొదటి కాపు రోజులు. నీడ ఇంకా మంచం సగానికే వస్తుంది, పొద్దు తిరిగేకొద్దీ మంచాన్ని దానితోపాటు జరుపుకోవాలి.