ఫిబ్రవరి 21 : ఒక నగరపు సంతాపం ప్రపంచ దినమైన వైనం

ఐక్యరాజ్య సమితి పంచాంగంలో నేడు 200కు పైగా అంతర్జాతీయ దినాలు ఉన్నాయి. ఆరోగ్యం, అక్షరాస్యత, పర్యావరణం, మానవ హక్కులు, శ్రామికుల భద్రత, మాతృభాష - ఇలా ఏదో ఒక అంశాన్ని స్మరించని వారం సంవత్సరంలో అరుదు. ప్రభుత్వ కార్యాలయాలలో ఈ దినాలు సర్క్యులరు రూపంలో వస్తాయి. వేదిక మీద బ్యానరు కడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, నివేదిక పంపుతారు. మరుసటి ఏడు అదే తేదీ వచ్చేవరకు ఆ విషయం ఎవరికీ గుర్తుండదు. ఇంతమాత్రానికి ప్రపంచ దేశాలు పనిగట్టుకొని తీర్మానాలు చేసి తేదీలను ఎందుకు నిర్ణయిస్తున్నాయన్న సందేహం సహజమే. దీనికి సమాధానం ఆయా తేదీల పుట్టుకలో దొరుకుతుంది.

తేదీల పుట్టుక

అంతర్జాతీయ దినాలను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటివి సంస్థల, ఒడంబడికల జన్మదినాలు. 1945 అక్టోబరు 24న ఐక్యరాజ్య సమితి చార్టరు అమలులోకి వచ్చింది. 1947లో సర్వప్రతినిధి సభ ఆ తేదీని ఐక్యరాజ్య సమితి దినంగా నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి అమలులోకి వచ్చిన 1948 ఏప్రిల్ 7 ప్రపంచ ఆరోగ్య దినానికి ఆధారమైంది. విశ్వమానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందిన 1948 డిసెంబరు 10 మానవ హక్కుల దినానికి మూలం.

రెండవ తరగతి తేదీలు ప్రాణత్యాగాల నుండి పుట్టినవి. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లజాతివారి రాకపోకలను కట్టడిచేసే పాసు చట్టాలకు నిరసన తెలిపిన జనంపై పోలీసులు కాల్పులు జరపగా 69 మంది మరణించారు. 1966లో సర్వప్రతినిధి సభ ఆ తేదీని జాతి వివక్ష నిర్మూలన దినంగా ప్రకటించింది. నవంబరు 25 డొమినికన్ రిపబ్లిక్ నియంత పాలనలో 1960లో హత్యకు గురైన మిరాబల్ సోదరీమణుల స్మృతిదినం. 1999లో అది స్త్రీలపై హింసా నిర్మూలన దినమైంది.

ప్రకృతినో, మహనీయుల జీవితాలనో, సభల సమావేశాలనో ఆధారం చేసుకొని ఎంచుకొన్న తేదీలు మూడవ తరగతిలోకి వస్తాయి. జూన్ 5న జరిపే పర్యావరణ దినానికి 1972 నాటి స్టాక్‌హోమ్ సదస్సు ప్రారంభ దినం ఆధారం. గాంధీజీ జన్మదినమైన అక్టోబరు 2ను 2007లో అంతర్జాతీయ అహింసా దినంగా ప్రకటించారు.

తెలుగు ఇంట ఏటా తిరిగివచ్చే దినాలలోనూ ఇటువంటి తేడా ఉంది. పుట్టినరోజున కొత్తబట్టలు కట్టి పాయసం వండుకొంటారు. ఆబ్దికం నాడు పోయినవారి పేరు, గోత్రం చెప్పి పిండం పెడతారు. ఈ రెంటి మర్యాదలు వేరు. కాని కార్యాలయ పరిభాషలో అన్నిటికీ 'దినోత్సవం' అన్న ఒకే మాట స్థిరపడింది. దానితో రక్తపు మరకలున్న తేదీలు కూడా ఉత్సవాల జాబితాలో చేరిపోయాయి. దక్షిణాసియా నుండి ప్రపంచ పంచాంగంలోకి చేరిన అంతర్జాతీయ మాతృభాషా దినం ఇందుకు ప్రబల నిదర్శనం.

మనీఆర్డరు ఫారం నుండి కాల్పుల వరకు

1947 ఆగస్టులో ఏర్పడిన పాకిస్తాన్‌లో తూర్పు బెంగాల్ ప్రజలే అధిక సంఖ్యాకులు. అయినా కొత్త రాజ్యం అచ్చువేసిన తపాలా బిళ్ళల మీద, మనీఆర్డరు ఫారాల మీద బెంగాలీ లేదు. 1948 ఫిబ్రవరిలో కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ సమావేశమైనప్పుడు, కొమిల్లాకు చెందిన ధీరేంద్రనాథ్ దత్తా సభా నియమాలకు ఒక చిన్న సవరణ ప్రతిపాదించారు. ఇంగ్లీషు, ఉర్దూలతో పాటు సభలో బెంగాలీని కూడా అనుమతించాలన్నదే ఆ సవరణ. దేశ జనాభా 6 కోట్ల 90 లక్షలలో 4 కోట్ల 40 లక్షల మంది భాష బెంగాలీ అని ఆయన గుర్తుచేశారు. పల్లెటూరి రైతు తన బిడ్డకు డబ్బు పంపడానికి తపాలా కార్యాలయానికి వెళితే ఫారం చదువుకోలేని దుస్థితిని వివరించారు. ప్రధాని లియాఖత్ అలీఖాన్ ఆ సవరణను వ్యతిరేకించారు. సభ దానిని తిరస్కరించింది.

అదే ఏడాది మార్చిలో ఢాకాకు వచ్చిన గవర్నర్ జనరల్ జిన్నా, పాకిస్తాన్‌కు రాజ్యభాష ఉర్దూ ఒక్కటేనని మార్చి 21న బహిరంగ సభలోను, 24న విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలోను స్పష్టం చేశారు. 1952 జనవరి 27న ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్ ఢాకాలో అదే మాటను మళ్ళీ అనడంతో ఉద్యమం రాజుకొన్నది. ప్రాంతీయ శాసనసభ సమావేశం ఉన్న ఫిబ్రవరి 21ని విద్యార్థులు నిరసన దినంగా ఎన్నుకొన్నారు. ముందురోజే ప్రభుత్వం 144వ సెక్షను విధించింది. విద్యార్థులు నిషేధాజ్ఞలను ధిక్కరించారు. మధ్యాహ్నం వైద్య కళాశాల వసతిగృహం వద్ద పోలీసులు కాల్పులు జరిపారు.

ఆనాటి, మరునాటి కాల్పులలో అమరులైనవారిలో ఐదుగురి పేర్లు బంగ్లాదేశ్‌లో బడిపిల్లలకు సైతం తెలుసు : రఫీఖ్, బర్కత్, జబ్బార్, సలాం, షఫీయుర్. అబుల్ బర్కత్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర విద్యార్థి. అబ్దుస్ సలాం ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగి. షఫీయుర్ రహమాన్ హైకోర్టు ఉద్యోగి. ఫారాలు, దస్త్రాలు ఏ భాషలో ఉండాలన్న వివాదంలో ఆ దస్త్రాల మధ్య జీవించినవారు కూడా ప్రాణాలు కోల్పోయారు.

తేదీని నిలబెట్టినవారు

కాల్పులు జరిగిన చోట విద్యార్థులు ఫిబ్రవరి 23 రాత్రి ఒక స్మారక స్తంభాన్ని కట్టారు. 26న పోలీసులు దానిని కూల్చివేశారు. స్తంభం పోయినా తేదీ మిగిలింది. 1954 ఎన్నికలలో ఐక్యసంఘటన తన ప్రణాళికను సరిగ్గా 21 అంశాలుగా రూపొందించి ముస్లింలీగును ఓడించింది. 1956 రాజ్యాంగంలో ఉర్దూతో పాటు బెంగాలీ కూడా రాజ్యభాషగా చోటు సంపాదించుకొన్నది. హమీదుర్ రహమాన్, నొవేరా అహ్మద్‌ల రూపకల్పనలో నిర్మించిన షహీద్ మినార్‌ను 1963 ఫిబ్రవరి 21న బర్కత్ తల్లి హసీనా బేగం ప్రారంభించారు. 1971లో పాకిస్తాన్ సైన్యం ఆ మినార్‌నూ ధ్వంసం చేసింది. తొలి సవరణ ప్రతిపాదించిన ధీరేంద్రనాథ్ దత్తాను ఆ ఏడాది మార్చిలో సైన్యం పట్టుకొనిపోయి హతమార్చింది. స్వతంత్ర బంగ్లాదేశ్‌లో మినార్ మళ్ళీ లేచింది.

బెంగాలీ పంచాంగం ప్రకారం ఆ రోజు 1358 ఫాల్గుణం 8. ప్రజల నోట నిలిచినది మాత్రం ఇరవై ఒకటి అనే అర్థం గల 'ఎకుషే' అన్న మాట. ఏటా ఆ రోజు వేకువన ఢాకా పౌరులు చెప్పులు లేని కాళ్ళతో, పువ్వులతో మినార్ వద్దకు నడిచి వెళతారు. ఫిబ్రవరి మాసంలో బంగ్లా అకాడమీ ఆధ్వర్యంలో పుస్తక ప్రదర్శన సాగుతుంది. శోకం, చదువు ఒకే మాసంలో కలిసి నడవడం ఈ స్మరణలోని విశిష్టత.

వాంకూవర్ నుండి పారిస్ వరకు

ఈ తేదీకి ప్రపంచ స్థాయి కల్పించాలన్న ఆలోచన కెనడాలోని వాంకూవర్‌లో స్థిరపడిన ఇద్దరు బెంగాలీలది. రఫీఖుల్ ఇస్లాం, అబ్దుస్ సలాం అనే ఆ ఇద్దరి పేర్లు 1952 అమరులలో ఇద్దరిని గుర్తుకుతేవడం యాదృచ్ఛికం. 1998 జనవరిలో సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్‌కు లేఖ రాసి, అంతరించిపోతున్న భాషల రక్షణ కోసం ఒక దినాన్ని ప్రకటించాలని కోరారు. తరువాత వేర్వేరు మాతృభాషలు గలవారిని కలుపుకొని ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఇటువంటి ప్రతిపాదన సభ్యదేశం నుండి రావలసి ఉంటుందన్న సమాధానం వచ్చింది. బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆ ప్రతిపాదనను చేపట్టి పంపింది. అనేక దేశాలు బలపరచాయి. 1999 నవంబరు 17న పారిస్‌లో యునెస్కో 30వ సర్వసభ్య సమావేశం ఫిబ్రవరి 21ని అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. 2000 నుండి దానిని పాటిస్తున్నారు.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటి ఉంది. ఢాకా అమరులు కోరినది తమ భాషకు రాజ్యంలో స్థానం. యునెస్కో ప్రకటన అన్ని మాతృభాషలనూ గౌరవించాలని కోరింది. స్థానిక స్మృతి ప్రపంచ దినంగా మారినప్పుడు దాని పరిధి విస్తరిస్తుంది. మొదట స్మరించినవారి మీద కూడా కొత్త బాధ్యత మోపుతుంది.

1956 : మూడు దేశాలు, మూడు నిర్ణయాలు

దక్షిణాసియా భాషా చరిత్రలో 1956 కీలకమైన సంవత్సరం. పాకిస్తాన్ ఆ ఏడాది బెంగాలీని ఆలస్యంగా అంగీకరించింది. సిలోన్ సింహళాన్ని ఏకైక అధికారభాషగా శాసించింది. తమిళం అధికారభాష స్థాయి పొందడానికి అక్కడ 1987 నాటి 13వ రాజ్యాంగ సవరణ వరకు వేచివుండవలసి వచ్చింది. అప్పటికే 1983లో అంతర్యుద్ధం మొదలై ఉన్నది. అది 2009 వరకు సాగింది. భారతదేశం 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చేపట్టింది. 7వ రాజ్యాంగ సవరణ ద్వారా 350-ఎ అధికరణాన్ని చేర్చి, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేందుకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

భారతీయుల నిర్ణయం కూడా సులువుగా వచ్చినది కాదు. ఢాకా కాల్పులు జరిగిన 1952లోనే అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 రాత్రి అసువులు బాశారు. ఆ వార్తతో ఆంధ్ర ప్రాంతం అట్టుడికింది. పోలీసు కాల్పులలో పలువురు మరణించారు. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర నిర్ణయాన్ని ప్రకటించగా, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం అవతరించింది. ఢాకా, మద్రాసు ఘటనల మధ్య కార్యకారణ సంబంధం లేదు. కాని ఒకే ఏడాదిలో తలెత్తిన రెండు భాషా ఆకాంక్షలకు రెండు ప్రభుత్వాలు స్పందించిన తీరును పోల్చిచూడవచ్చు.

అంతటితో భారతదేశంలో భాషా సమస్య తీరిపోలేదు. 1960 నాటి అస్సాం అధికారభాషా చట్టాన్ని వ్యతిరేకిస్తూ బరాక్ లోయలోని బెంగాలీలు ఉద్యమించారు. 1961 మే 19న సిల్చార్ రైల్వేస్టేషన్‌లో జరిగిన కాల్పులలో 11 మంది మరణించారు. వారిలో కమలా భట్టాచార్య అనే బాలిక కూడా ఉంది.

ఒక చోటి బాధితులు, మరొక చోటి అధికులు

పీడన అనుభవించిన భాష అధికారంలోకి వచ్చినప్పుడు ఇతర భాషలపట్ల ఎలా ప్రవర్తిస్తుందన్నది మాతృభాషా దినం అడిగే కఠినమైన ప్రశ్న. 1972లో బంగ్లాదేశ్ రాజ్యాంగంపై చర్చ జరిగినప్పుడు, చిట్టగాంగ్ కొండప్రాంతాల ప్రతినిధి మానవేంద్ర నారాయణ్ లర్మా, పౌరులందరినీ బెంగాలీలుగా పేర్కొనడాన్ని వ్యతిరేకించి తాను చక్మానని ప్రకటించారు. ఆ రాజ్యాంగ సభ ఆయన అభ్యంతరాన్ని మన్నించలేదు. 2017లో ఆ దేశం చక్మా, మర్మా, గారో వంటి ఐదు భాషలలో పూర్వ ప్రాథమిక పాఠ్యపుస్తకాలను పంపిణీ చేసింది. లర్మా అడిగిన దానిలో కొంత భాగమైనా చేతికి రావడానికి 45 సంవత్సరాలు పట్టింది.

తెలుగువారికి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగాను, తెలంగాణ కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినంగాను పాటిస్తున్నాయి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జన్మదినం. వాడుక భాషకు గ్రంథగౌరవం సాధించిన మహనీయుడిగానే ఆయనను సాధారణంగా స్మరిస్తారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాషను నేర్చుకొని, దాని వ్యాకరణాన్ని పరిశీలించి, ఆయన రచించిన సవర భాషా గ్రంథం 1931లో వెలువడింది. తన భాషలో సామాన్యుడి హక్కు కోసం పోరాడిన వ్యక్తే పొరుగువారి భాషకూ ఆ హక్కు ఉన్నదని గుర్తించారు. మాతృభాషా దినం అన్న మాట పుట్టకమునుపే దాని సారాంశాన్ని ఆయన ఆచరించారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో సవర, కొండ, కువి, గోండి, కోయ, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలలో ప్రాథమిక పాఠాలు ప్రవేశపెట్టడం ఆ దారిలో వేసిన అడుగు. అటువంటి కార్యక్రమాలు నిలవాలంటే ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడు, ఏటా సకాలంలో అచ్చయ్యే పుస్తకం, పైతరగతిలో తెలుగుకు తీసుకువెళ్ళే క్రమం అవసరం. ఇవన్నీ బడ్జెటు పద్దులతో, నియామక ఉత్తర్వులతో ముడిపడిన విషయాలు.

దినం వల్ల ప్రయోజనం

అంతర్జాతీయ దినాలు మరీ ఎక్కువయ్యాయన్న విమర్శలో నిజం లేకపోలేదు. ఒక తేదీ చట్టాన్ని చేయలేదు, నిధులు ఇవ్వలేదు. 2010 జనవరిలో అండమాన్‌లో బోవా సీనియర్ మరణించడంతో బో భాష మాట్లాడే చివరి గొంతు ఆగిపోయింది. అప్పటికి మాతృభాషా దినం పదేళ్ళుగా జరుగుతూనే ఉంది. అయితే అధికారం లేనివారికి ఒక నిశ్చిత తేదీ విజ్ఞాపనకు అవకాశమిస్తుంది. ఆ రోజు వారి ప్రశ్నను దాటవేయడం ప్రభుత్వానికి కష్టం. గత ఏడు చెప్పినదేమిటి, ఈ ఏడు చేసినదేమిటి అని సరిచూసుకొనే గడువుగా కూడా అది పనికివస్తుంది. ప్రపంచం దినాలను పాటించడానికి ఉన్న గట్టి కారణం ఇదే.

1948లో ధీరేంద్రనాథ్ దత్తా లేవనెత్తిన విషయం తపాలా కార్యాలయంలోని ఒక ఫారం. నేడు మనీఆర్డరు ఫారం స్థానంలో కంప్యూటర్ తెరమీది దరఖాస్తు వచ్చింది. పింఛను కోసం, రేషను కార్డు కోసం, భూమి పట్టా కోసం వచ్చే సవర రైతు, గోండు మహిళ ఆ దరఖాస్తును ఏ భాషలో చదువుకొంటారు? చదివి వినిపించే మనిషి ఆ కార్యాలయంలో ఉన్నాడా? ఫిబ్రవరి 21న జరిగే సభల నివేదికలో ఈ రెండు ప్రశ్నలకు కూడా ఒక గడి కేటాయిస్తే, ఢాకాలో మరణించిన చిరుద్యోగుల స్మృతికి అది తగిన నివాళి కాగలదు.