నడవాలో కాపురం

గత సంవత్సరం మా కాలనీ సంఘంవారు ఒక అర్జీమీద సంతకాలు సేకరించారు. మా వీధుల గుండా బయటి వాహనాలు పోకుండా రెండు చివరలా గేట్లు పెట్టించాలని దాని సారాంశం. పిల్లలు ఆడుకునే చోట లారీలు దూసుకుపోతుంటే వద్దని ఎవరనరు? నేనూ సంతకం చేశాను. గేట్లు వచ్చాయి. లారీలూ ఆటోలూ పక్కనున్న పేటలోని ఇరుకు రోడ్డుమీదికి మళ్లాయి. ఆ పేటలో ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ గేట్లే నన్ను చరిత్ర వైపు తిప్పాయి. వాహనాల ఉరవడిని తగ్గించే నిర్ణయాలలో ప్రజలు పాల్గొనాలి అని అందరమూ అంటున్నాము. ఏ ప్రజలు? ఉత్తర లండన్‌లో ఇస్లింగ్టన్ ప్రాంతంలోని బార్న్స్‌బరీ అనే పేట కథ ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతుంది.

1963లో కోలిన్ బుకానన్ నాయకత్వాన 'ట్రాఫిక్ ఇన్ టౌన్స్' అనే నివేదిక వెలువడింది. (దానిని కోరిన రవాణామంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ ఒక రోడ్డు నిర్మాణ కంపెనీ స్థాపకులలో ఒకడన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది.) ఆ నివేదిక నగరాన్ని ఒక భవనంతో పోల్చింది. నివాస ప్రాంతాలు గదులు. పెద్ద రోడ్లు నడవాలు. గదిలోకి పని ఉన్నవాడే రావాలి, దాటిపోయేవాడు నడవాలోంచి పోవాలి. ఉపమానం ముచ్చటగానే ఉంది. కాని లండన్ నడవాలలో మనుషులు కాపురాలు చేస్తున్నారే!

బార్న్స్‌బరీలో 19వ శతాబ్దపు తొలిభాగంలో కట్టిన ఇళ్ల వరుసలున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఒక్కొక్క ఇంటిలో అనేక కుటుంబాలు అద్దెకుండేవి. 1957 నాటి అద్దెల చట్టం నియంత్రణను సడలించడంతో, ఉన్నవారిని ఖాళీ చేయించి ఇల్లు అమ్ముకోవడం యజమానికి లాభసాటి అయింది. కొనుక్కున్నవారు చదువుకున్న మధ్యతరగతివారు. లండన్ కార్మిక పేటలలో సాగుతున్న ఇటువంటి మార్పుకే 1964లో మార్క్సిస్టు సామాజిక శాస్త్రజ్ఞురాలు రూత్ గ్లాస్ 'జెంట్రిఫికేషన్' అని పేరు పెట్టింది. సరిగ్గా ఆ సంవత్సరమే బార్న్స్‌బరీ అసోసియేషన్ ఏర్పడింది.

ఆ సంఘంవారు దుర్మార్గులు కారు. మనబోటివారే. నగర నిర్మాణ పరిభాష తెలిసినవారు, అధికారులతో వారి భాషలో మాట్లాడగలిగినవారు. బుకానన్ సిద్ధాంతాన్ని తమ పేటలో అమలు జరపమన్నారు. 1969లో స్కెఫింగ్టన్ కమిటీ నగర ప్రణాళికలో ప్రజలు పాల్గొనాలని సిఫార్సు చేసింది. మరుసటి సంవత్సరం బార్న్స్‌బరీలో వీధుల మూసివేత పథకం అమలులోకి వచ్చింది. లోపలి వీధులు శాంతించాయి. ఆ రొదా పొగా సరిహద్దు రోడ్ల వెంట ఉన్న అద్దె ఇళ్లవారి కిటికీలకు చేరాయి. వారు నిరసించారు. అసలు సమస్య అద్దెదారుల ఇళ్లది కాదా అని అడిగే మరో సంఘం, బార్న్స్‌బరీ యాక్షన్ గ్రూప్, పుట్టింది. మొదటి సంఘం 'ప్రజల గొంతు' అనిపించుకోవడానికి కారణం, రెండవ గొంతు అంతవరకూ ఎవరి చెవినా పడకపోవడమే.

ఇది విని నా మిత్రుడొకడు, "అయితే ఇదంతా కార్లున్నవాళ్ల గొడవేనన్నమాట" అన్నాడు. కాదు. అట్లా కొట్టివేయడం కూడా పొరపాటే. 1971లో నెదర్లాండ్స్ రోడ్లమీద సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. మరుసటి సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్‌లోని డె పైప్ అనే ఇరుకైన కార్మిక పేటలో, ఆడుకునే చోటు కావాలని పిల్లలే వీధికి అడ్డుకట్టలు పెట్టి, కోపంతో ఊగిపోయే కార్ల యజమానులకు ఎదురు నిలబడ్డారు. ఓటు లేనివారు, ఆస్తి లేనివారు! ఆ రోజులలోనే 'పిల్లల హత్యను ఆపండి' అన్న పేరుతో దేశవ్యాప్త ఉద్యమం లేచింది. డెల్ఫ్ట్ నగరంలో 1960ల చివర మొదలైన 'వోనెర్ఫ్' పద్ధతికి 1976లో చట్టరూపం వచ్చింది. నడిచేవారికి వీధి వెడల్పంతా హక్కు; కారు మనిషి నడకతో సమానంగా సాగాలి. గమనించండి, ఇక్కడ కారును పక్క పేటకు తరమలేదు. ఉన్న చోటనే దాని పొగరు అణచారు. మా గేటుకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

పోయిన నెల మా సంఘం సమావేశంలో, గేట్ల విషయం తిరిగి చర్చించాలనీ, ఈసారి పేటవాసులను కూడా పిలవాలనీ నేను ప్రతిపాదించాను. కార్యదర్శిగారు సౌమ్యుడు. కళ్లజోడు సవరించుకుని, "వాళ్లు మన సభ్యులు కారు గదండీ, మేష్టారూ" అన్నారు. అది మినిట్సులో కూడా రాసుకున్నారు.