పడమట ఎర్రబడ్డ సెహ్రీ

1995 రమజాన్‌లో అమలాపురంలో సెహ్రీకి లేచి డాబా ఎక్కితే పడమటి ఆకాశం ఎర్రగా కనిపించేది. సుబహ్ వెలుగు తూర్పున కదా రావాలి, ఇదేంటని నానీని అడిగాను. "బావి కాలుతోంది బేటా, దువా చెయ్" అంది.

అది పాసర్లపూడి 19వ నంబరు బావి. ఓఎన్‌జీసీ తవ్విస్తుండగా జనవరి 8న గ్యాస్ ఎగదన్నుకొచ్చి అంటుకుంది. విదేశాల నుంచి నిపుణులొచ్చి, 65 రోజులకు, మార్చి మధ్యలో ఆర్పారు. ఆ ఏడు రోజాలూ ఈదూ ఆ మంట వెలుగులోనే గడిచాయి.

అప్పుడు మేం భయపడింది ప్రాణాలకీ కొబ్బరితోటలకీ. గాలి హిసాబు ఎవరికీ తట్టలేదు. ఒక కిలో మీథేన్ కాలితే సుమారు 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కాలకుండా లీకైతే ఇంకా ముసీబత్. ఇరవై ఏళ్ల లెక్కలో కిలోకు కిలో చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ ఎనభై రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

2014 జూన్ 27, జుమ్మా రోజు. రమజాన్ మూడు రోజుల్లో ఉందనగా, తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైన్ పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పంపడంతో లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. గ్యాసును ఆరబెట్టే ఏర్పాటు ఉండుంటే, నిఘా గట్టిగా ఉండుంటే అది ఆగేది. మనుషుల్ని చంపిన గఫ్లతే గాలినీ పాడుచేసింది.

ఇది మన ఒక్కరి కిస్సా కాదు. నైజీరియా 1979లోనే చట్టం చేసి, 1984 నుంచి చమురు బావుల దగ్గర గ్యాస్ కాల్చడాన్ని నిషేధించింది. కానీ ఆ చట్టం కింద మంత్రి పర్మిట్ ఇస్తే కాల్చుకునే వీలుండేది, జరిమానాలు చాలాకాలం నామమాత్రంగా ఉండేవి. నైజర్ డెల్టాలో ఆ మంటలు నేటికీ ఆరలేదు. నార్వే 1970లలోనే అనుమతి లేకుండా కాల్చనివ్వలేదు. 1991లో సముద్రంలోని బావుల మీదా కార్బన్ పన్ను వేసి వసూలు చేసింది. గ్యాస్ రెండుచోట్లా ఒకటే, ఫరక్ హుకూమత్‌లో ఉంది. ఖానూన్ రాయడం వేరు, అమలు చేయడం వేరు.

కోనసీమ నేల కింద ఉన్న గ్యాస్ మన పిల్లల అమానత్ కూడా. మన ఊరి కిందుగా పోయే పైపును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఎంత గ్యాస్ ఊరికే కాల్చేశారు? ఇవి అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర సంస్థలకైతే ఫీజు పది రూపాయలు. నానీ చెప్పినట్టు దువా చేద్దాం, ఆ దరఖాస్తు కూడా రాద్దాం.