స్పెయినువారి ఎన్నికల మాటలు

మనము నిత్యము వాడు 'ఓటు' అను మాట ఆంగ్లము ద్వారమున తెలుగులోనికి వచ్చినది. ఆంగ్లేయులకు అది లాటిను నుండి లభించినది. లాటినులో దాని మూలరూపమునకు అర్థము మ్రొక్కుబడి, అనగా దేవుని యెదుట చేసిన ప్రతిజ్ఞ. స్పానిష్ భాషలో అదే పదము 'వోతో' అయినది. అందు పాత అర్థమును క్రొత్త అర్థమును రెండును నిలిచియున్నవి. సన్న్యాసిని మఠములో చేరునప్పుడు పట్టు వ్రతము వోతో. పౌరుడు పెట్టెలో వేయు అభిప్రాయమును వోతోయే. ఆంగ్లేయులు మాత్రము మొదటిదానిని 'వౌ' అనియు, రెండవదానిని 'వోట్' అనియు విడదీసికొన్నారు.

ఎన్నికల మాటలలో ఈ రెండు భాషలకును చుట్టరికము చాల కలదు. కాని చుట్టములందరును ఒక్క తీరున నడచుకొనరు గదా! స్పెయినులో ఓట్లు వేయు పెట్టెను 'ఉర్నా' అందురు. దానికి తోబుట్టువైన 'అర్న్' అను మాట వినగానే ఆంగ్లేయునకు చితాభస్మము నుంచు పాత్రయో, తేనీరు కాచు పెద్ద పాత్రయో తోచును. ఓట్ల పెట్టె నతడు 'బ్యాలట్ బాక్స్' అనును. ఓటర్ల జాబితా స్పెయినులో 'సెన్సో'. ఆంగ్లమున 'సెన్సస్' అనగా జనాభా లెక్క. 'కొలేహియో ఎలెక్తొరాల్' అనగా స్పెయినులో మనము పోయి ఓటు వేయు స్థలము. ఆంగ్లములో 'ఎలెక్టొరల్ కాలేజి' అనగా అమెరికా అధ్యక్షు నెన్నుకొను ప్రతినిధుల సమూహము. ఓట్ల లెక్కింపు 'ఎస్క్రుతీనియో'. ఓటుహక్కు 'సుఫ్రాహియో'. దీనినే ఆంగ్లేయులు 'సఫ్రేజ్' అందురు. అయితే కాథలిక్కు దేశమైన స్పెయినులో ఈ సుఫ్రాహియోకు మృతుల ఆత్మశాంతికై చేయు ప్రార్థన అను అర్థము కూడ కలదు. మృతులకును ఎన్నికలకును గల సంబంధము ముందు మరల వచ్చును.

ఇవి నిఘంటువులో ఎదురెదురుగ వ్రాసికొని నేర్చుకొనదగిన మాటలు. స్పెయిను ప్రజలు తామై కల్పించుకొన్న ఎన్నికల మాటలు మఱి కొన్ని కలవు. వాటికి ఆంగ్లమున ఒక్క పదముతో జోడు కుదుర్చుట కష్టము. ఇంగ్లండులో ఎన్నికల అవినీతి లేదని మా భావము కాదు. జనము లేని ఊళ్లకు ప్రతినిధులుండిన 'రాటన్ బరో'ల సంగతి అందరెఱిగినదే. కాని 1832 సంస్కరణతో అవి చాలవఱకు అంతరించినవి. స్పెయినులో వ్యవహారము అందుకు విరుద్ధముగ నడచినది. అచట ఓటుహక్కు విస్తరించినకొలది మోసమును దానితోపాటు పెరిగినది.

1874 డిసెంబరులో స్పెయినున రాజరికము పునరుద్ధరింపబడినది. కానొవాస్ దెల్ కాస్తియో అను రాజనీతిజ్ఞుడు సంప్రదాయపక్షమునకును, సగాస్తా అను నతడు ఉదారపక్షమునకును నాయకులు. ఈ యిరువురును వంతులవారీగ అధికారము ననుభవింప నిశ్చయించుకొన్నారు. ఈ ఏర్పాటు పేరు 'తుర్నో', అనగా వంతు. మన దేశమున ఎన్నిక ముందు, మంత్రివర్గము తరువాత. అచట క్రమము తలక్రిందులు. రాజు మొదట ప్రధానమంత్రిని మార్చును. క్రొత్త ప్రధాని పార్లమెంటును రద్దుచేయించి ఎన్నికలు జరిపించును. ఆ ఎన్నికలలో అతని పక్షమే గెలుచును. 1923లో సైనిక నియంతృత్వము వచ్చువఱకును, ఎన్నిక జరిపించిన ప్రభుత్వము ఆ ఎన్నికలో ఓడుట అనునది జరుగలేదు.

ఇంతటి నైపుణ్యము దానంతట అది రాదు. ఆంతరంగిక వ్యవహారముల మంత్రి తన కార్యాలయమున కూర్చుండి నియోజకవర్గముల పట్టికను ముందు పెట్టుకొని, ఒక్కొక్క గడిలో ఒక్కొక్కరి పేరు నింపుచుండెడివాడు. ప్రతిపక్షమునకును మర్యాదకు తగినన్ని గడులు వదలుట రివాజు. గడికి స్పానిష్‌లో 'కసియా' అని పేరు. గడులు నింపు ఈ పనికి 'ఎన్‌కసియాదో' అను పేరు వచ్చినది. నియోజకవర్గముతో ఏ సంబంధమును లేక రాజధాని నుండి దిగుమతి యైన అభ్యర్థిని జనులు 'కునేరో' అనిరి. 'కునా' అనగా ఊయల. కునేరో అనగా తల్లిదండ్రులెవరో తెలియక అనాథాలయపు ఊయలలో దొరకిన బిడ్డ.

పట్టిక రాజధానిలో తయారైనను దానిని నిజము చేయవలసినవాడు ఊరిలో నుండెను. అతడే 'కసీకే'. ఈ మాట స్పెయినుది కాదు. కొలంబసు అట్లాంటికు దాటిపోయినపుడు కరీబియను దీవులలోని తాయినో జాతివారు తమ నాయకుని పిలిచిన మాట అది. స్పెయినువారు ఆ జాతిని నాశనము చేసి మాటను మాత్రము ఇంటికి తెచ్చుకొన్నారు. కాలక్రమమున అది వారి పల్లెలలోని పెత్తందారునకు పేరైనది. ఇతడు భూస్వామి కావచ్చును, వకీలు కావచ్చును, వడ్డీ వ్యాపారి కావచ్చును. కుమారుని సైన్యమున చేర్చకుండ తప్పింపవలెనన్నను, పన్ను తగ్గింపవలెనన్నను, కోర్టు వ్యవహారము చక్కబెట్టవలెనన్నను రైతు అతని గడపయే త్రొక్కవలెను. బదులుగ అతడడుగునది ఒక్క ఓటు. ఆంగ్ల నిఘంటువులు దీనికి 'బాస్' అని అర్థము వ్రాయును. తెలుగులో 'పెత్తందారు' అనుటయే దానికంటె దగ్గఱ యని మాకు తోచుచున్నది.

కసీకే మాటకును ఓట్లు రాలనిచో 'లాసరో'లు వచ్చెడివారు. బైబిలులో ఏసు సమాధినుండి లేపిన లాజరసు పేరది. చనిపోయియు జాబితాలో మిగిలి ఓటు వేయువారికి జనులు పెట్టిన ముద్దుపేరు. అదియు చాలనిచో 'పుచెరాసో'. 'పుచేరో' అనగా వంటకుండ. దొంగచీటీలను కుండలో దాచియుంచి, సమయము చూచి పెట్టెలో కలిపెడివారట; అందుండి ఎన్నికల మోసమంతటికిని అదే పేరు స్థిరపడినది. కుండయు చీటియు అనగానే మన దక్షిణదేశపు ఉత్తరమేరూరు శాసనములు జ్ఞప్తికి వచ్చును. 920 ప్రాంతమున ఆ గ్రామసభవారు పేర్లు వ్రాసిన తాటాకులను కుండలో వేసి, అందరి యెదుట ఒక బాలునిచే తీయించెడివారు. పాత్ర ఒక్కటియే, పని వేఱు.

1890లో వయోజన పురుషులందరికిని ఓటుహక్కు చట్టబద్ధమైనది. ఐరోపాలోని పెక్కు దేశములకంటె ఇది ముందడుగు. అయినను ఏమి మారినది? కసీకేకు లెక్కవలసిన తలలు పెరిగినవి, అంతే. 1901లో హోవకీన్ కోస్తా అను పండితుడు 'ఒలిగార్కియా, కసికీస్మో' అను గ్రంథములో, ఇదియే స్పెయిను యొక్క నిజమైన రాజ్యాంగమని ప్రకటించెను. 1907 చట్టము కొంత కట్టుదిట్టము చేసినది గాని, దాని 29వ నిబంధన ప్రకారము స్థానములకు మించి అభ్యర్థులు లేనిచోట ఓటింగు లేకుండగనే వారు ఎన్నికైనట్లు. పోటీదారుని బెదరించి తప్పించినచో కుండతో పనియే లేకపోయెను!

ఈ మాటలన్నియు చేరి ఒక రాజ్యమును కూల్చినవి. 1931 ఏప్రిల్ 12న జరిగినవి కేవలము పురపాలక, గ్రామ ఎన్నికలు. పల్లెలలో రాజపక్షమువారే అధికముగ గెలిచిరి. ముఖ్యపట్టణములలో చాలవఱకు గణతంత్రవాదులు గెలిచిరి. లెక్క ప్రకారము రాజునకు భయము లేదు. కాని పల్లె ఓటు కసీకే ఓటని, పట్టణపు ఓటే నిజమైన ఓటని దేశములో ఎఱుగనివారు లేరు. రాజపక్షమువారే తమ పల్లె విజయమును నమ్మలేకపోయిరి. రెండు దినముల తరువాత, ఏప్రిల్ 14న, పదమూడవ అల్ఫోన్సో దేశము విడిచిపోయెను. యాబదేండ్లు దొంగలెక్క వ్రాసినవానికి, ఒక్కనాడు నిజమైన లెక్క వచ్చినను చెల్లుబాటు కాలేదు.

అప్పుడేర్పడిన గణతంత్రములో స్త్రీల ఓటుపై వాదము చెలరేగినది. ఆ రాజ్యాంగసభలో ఇరువురు స్త్రీలు ప్రముఖులు. ఇరువురును న్యాయవాదులే. విక్తోరియా కెంత్, స్త్రీలపై మతాచార్యుల ప్రభావము మెండు గనుక ఓటు కొంతకాలము వాయిదా వేయవలెననెను. క్లారా కాంపొఅమోర్, హక్కునకు వాయిదా లేదని వాదించి, 1931 అక్టోబరు 1న 121 ఓట్లకు 161 ఓట్లతో నెగ్గెను. 1933 నవంబరులో స్త్రీలు తొలిసారి దేశవ్యాప్తమైన శాసనసభ ఎన్నికలలో ఓటు వేసిరి. మితవాదులు గెలిచిరి, కెంత్, కాంపొఅమోర్ ఇరువురును ఓడిరి, నింద యంతయు కాంపొఅమోర్‌పై పడెను. 1936లో ఆమె ఈ కథను గ్రంథస్థము చేసి, స్త్రీల ఓటును తన 'ఘోరపాపము' అని శీర్షికలోనే ఎత్తిపొడిచినది. వోతో అను మాటలో మిగిలియున్న మతచ్ఛాయను అంత చేదుగ వాడినవారు అరుదు. ఆ యేడే అంతర్యుద్ధ మారంభమైనది. ఆమె ప్రవాసమునకు పోయి 1972లో లోసాన్ నగరమున మరణించినది.

ఫ్రాంకో పాలనలో పక్షములు పోటీపడు ఎన్నికలు లేవు. 1975లో అతడు మరణించిన తరువాత, 1977 జూన్ 15న స్పెయిను మరల స్వేచ్ఛగ ఓటు వేసినది.

నేడచట ఉర్నా పారదర్శకముగ నుండును. లోపలి చీటీలు వెలుపలివారికి కనబడును. ఓటింగు నడపు బృందమును 'మేసా', అనగా బల్ల, అందురు. దాని అధ్యక్షుని, ఇరువురు సభ్యులను ప్రభుత్వోద్యోగులలో నుండి గాక ఓటర్ల జాబితానుండి చీట్లు తీసి నియమింతురు. పేరు వచ్చినవారు తగిన కారణము లేక తప్పించుకొనరాదు. సాయంకాలము తలుపులు మూసిన పిమ్మట, ఇరుగుపొరుగువారైన ఆ మువ్వురే అందరి సమక్షమున ఒక్కొక్క చీటీని విప్పి పైకి చదివి ఎస్క్రుతీనియో జరుపుదురు. పుచెరాసో అను మాట మాత్రము నిఘంటువును విడిచిపోలేదు. ఓడిన పక్షములకు అది నేటికిని నోటిలోనే యున్నది.