కలికితురాయి చరిత్ర

ఎవరినైన మిక్కిలి మెచ్చుకొనునపుడు కీర్తికిరీటమున కలికితురాయి యందురు. ఈ పలుకు దర్బారునుండి ఊళ్లకు వచ్చినది. కల్గీ, తుర్రా యనునవి ప్రభువుల తలపాగా నలంకరించు నగలు. ఈ కోవకు చెందినదే సర్పేచ్. బంగారమున రవ్వలు, కెంపులు, పచ్చలు కుందనపు పనితో పొదిగి, వెనుకవైపున మీనా రంగులు నింపి దీనిని చేయుదురు. ఇది అలంకారము మాత్రమే గాదు, అధికారచిహ్నము. మొగలు పాదుషాలు తమ యనుగ్రహమునకు గుర్తుగా దీనిని అమీరుల కిచ్చుచుండిరి.

చేవెళ్ల నుండి మొయినాబాదు మీదుగా తూర్పునకు సాగు బాట గోలకొండ దాపునకు చేరును. ఆ కోట వజ్రములకు ప్రసిద్ధి. కాని వజ్రములు దొరకినది కృష్ణాతీరమున కొల్లూరు వంటి గనులలో. అచట అరువదివేల మంది స్త్రీలు, పురుషులు, పిల్లలు పనిచేయుచుండిరని 17వ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను. త్రవ్విన చేతులు వేఱు, ధరించిన తలలు వేఱు. పాల్వంచ తహశీలుదారు కంచెర్ల గోపన్న భద్రాద్రిరామునకు చేయించిన నగలలోను కలికితురాయి యున్నదని ప్రసిద్ధి. సర్కారు పైకము వాడిన నేరమునకు ఆయన తానాషా కాలమున గోలకొండ చెఱసాల పాలయ్యెను.

1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. 1724 నుండి ఆసఫ్‌జాహీలు ఏలిరి. వారి ఖజానాలో సర్పేచులు, తురాయిలు చేరెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దె నెక్కెను. 1908 నాటి మూసీ వరద పిమ్మట తలపెట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. మొయినాబాదు పరిసరముల ప్రజలు ఆ ప్రభువు రత్నములను చూడకున్నను ఈ జలాశయములను నిత్యము చూచుచున్నారు.

1948లో సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. నిజాము తన నగలను ట్రస్టుల కప్పగించెను. తరువాత వాటి విక్రయమునకు పూనుకొనగా వ్యాజ్యములు చెలరేగెను. అవి విదేశములకు చెదరిపోకుండ 1995లో కేంద్రప్రభుత్వము 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొనెను. 2001, 2006, 2019 సంవత్సరములలో ప్రదర్శనలు జరిగినవి. కొన్ని దినములు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమునందును జనులు వరుసలు తీరి చూచిరి.

ఒక ప్రభువు తలపై నున్న సొత్తు ఇట్లు ప్రజల సొత్తయినది. కాని పెట్టెలో దాచిన రత్నము ఎవరికిని వెలుగు నీయదు. గ్రంథము బీరువాలో నున్నంతకాలము కాగితమే. చదువరి చేతికి వచ్చిననే విద్య. గని కూలీల శ్రమను, శిల్పుల నేర్పును చాటు ఈ నగలును జనుల కన్నుల యెదుట నిలిచిననే వాటి చరిత్ర సార్థకము.