చంద్రయాత్రా నాణెములు

ఏ నాణెమును చేతికి తీసికొన్నను మనము ముందుగా చూచునది బొమ్మవైపు. ఏలినవారి ముఖమో, రాజ్యలాంఛనమో అచ్చట నుండును. కాని చంద్రయాత్రకు స్మారకముగా అమెరికాలో వెలువడిన డాలరును మాత్రము బొరుసు త్రిప్పియే ముందు చూడవలెనని మా అభిప్రాయము.

1971లో తొలిసారి ముద్రితమైన ఆ డాలరుపై బొమ్మ ఐసెన్‌హోవరుది. సేనానియై, పిదప అధ్యక్షుడైన ఆయన హయాములోనే, 1958లో, అంతరిక్ష పరిశోధనకై నాసా ఏర్పడెను. ఆయన 1969 మార్చిలో మరణించెను. నాలుగు నెలలైన నిండకముందే, జూలైలో, మానవుడు చంద్రునిపై కాలు మోపెను. ఆయన చూడనోచని ఆ ఘట్టమే ఆయన బొమ్మకు బొరుసైనది.

ఆ బొరుసుపై నొక డేగ చంద్రతలమున వాలుచున్నది. గోళ్ళలో ఆలివు కొమ్మ. పైన, దూరమున, మన భూమి. శిల్పి ఫ్రాంక్ గాస్పారో దీనిని అపోలో 11 చిహ్నము ననుసరించి రూపొందించెను. ఆ చిహ్నమును చిత్రించినవాడు, సహచరు లిరువురును చంద్రునిపై దిగగా తాను దిగక, నౌకలోనే ప్రదక్షిణము చేయుచుండిన మైకేల్ కాలిన్స్. మొదట ఆయన కొమ్మను పక్షి ముక్కున నుంచెను. చాచిన వట్టి గోళ్ళు దండయాత్రను స్ఫురింపజేయునని అధికారులు శంకింపగా, కొమ్మ గోళ్ళలోనికి మారెను. శాంతిని చాటుటకు డేగకంటె పావురము మేలు కదా యని మాకు తోచును. కాని డేగ ఆ దేశపు లాంఛనము, చంద్రునిపై దిగిన వాహనమునకును అదియే పేరు.

చిహ్నముపై యాత్రికుల పేర్లు లేవు. ఇది మరపు కాదు. ఆ యాత్రకై శ్రమించిన వేలాది జనుల కెల్ల అది చెందవలెనని ఆ మువ్వురే తమ పేర్లను మానుకొనిరి. డాలరుపైనను అవి లేవు.

సోవియట్ దేశపు తీరు వేరు. 1981 నాటి రూబులుపై గగారిన్ ముఖము, 1983 నాటి రూబులుపై వాలెంటీనా తెరిష్కోవా ముఖము కలవు. గగారిన్ 1968లోనే విమానప్రమాదమున మరణించెను. తెరిష్కోవా మాత్రము తన రూబులు వెలువడునాటికి సజీవురాలు.

అంగుళమున్నర వ్యాసముగల ఆ డాలరు బరువును జేబులో మోయుటకు అమెరికనులు అంతగా ఇష్టపడరైరి. 1978తో దాని ముద్రణ నిలిచెను. డేగ మాత్రము మరుసటి యేట వచ్చిన చిన్న డాలరుపైకి చేరెను.

చంద్రయాత్రకు ఏబదియేండ్లు నిండిన 2019లో, శిరస్త్రాణమును తలపించు వంపుతో క్రొత్త నాణెములు వచ్చెను. లోనికి వంగిన వైపున పాదముద్రయు, మెర్క్యురీ, జెమిని, అపోలో యను కార్యక్రమముల పేర్లును ఉన్నవి. ఇక్కడను మనుష్యుల పేర్లు లేవు. ఉబ్బిన వైపున ఆల్డ్రిన్ ధరించిన శిరస్త్రాణపు ముందుభాగము. ఆ దృశ్యమునకు మూలమైన ఛాయాచిత్రమును తీసినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్. చంద్రునిపై తొలి యడుగిడిన ఆయన రూపమును నాణెముపై చూడగోరువారు సహచరుని ముఖకవచములోని ప్రతిబింబమున వెదకవలెను. అచ్చట ఆయన గోరంత.